స్తోత్రమ్మ మీద నా అనుమానం

ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు నాలాంటి రిటైరైనోళ్లను ఒక మాట అడుగుతుంటరు: "మేడం, కింద పనిచేసేటోళ్లల్ల ఎవరిని నమ్మాలె?" ముప్పై ఏండ్లు ఆడపిల్లల ప్రభుత్వ హాస్టళ్లల్ల వార్డెన్‌గా చేసిన నాకు ఈ ప్రశ్న అంటే ఇష్టం. జవాబు చిన్నది కనుక. ఎవరినీ నమ్మొద్దని ఇరవైతొమ్మిదేండ్లు చెప్పుకుంట వచ్చిన. ఆ తర్వాత ఒక ఇబ్బంది జరిగింది. అది చెప్తా, వినండి.

తెలంగాణ వచ్చిన కొత్తల నన్ను మహబూబ్‌నగర్ దిక్కు, కృష్ణకు దగ్గర్ల ఉన్న ఒక మండల కేంద్రానికి బదిలీ చేసిన్రు. మా పుట్టిల్లు కేతేపల్లి దిక్కు, ఇల్లు కట్టుకున్నది చౌటుప్పల్‌ల. ఆదివారం ఇంటికి పోతే ఇంట్ల చాయ తాగి మళ్లీ బస్సెక్కుడే. ఈ బదిలీ ఎవరు చేయించిన్రో కనిపెట్టడానికి నాకు ఆరు నెలలు పట్టింది. చివరికి తేలిందేమంటే, ఎవరూ చేయించలేదు, జాబితాల నా వంతు వచ్చింది. అది ఇంకా అవమానమనిపించింది.

మేము క్రైస్తవులం. మా నాయిన సంఘపెద్ద. గుడిల లేచి కృతజ్ఞత మీద సాక్ష్యం చెప్పమంటే నేను తడుముకోకుండ పావుగంట చెప్పగలను. అదే గుడిల ఫ్యాను తిరగకపోతే దాని గురించి అరగంట చెప్పగలను. అరణ్యంల ఆకాశం నుంచి ఆహారం పడుతుంటే కూడా సణిగిన జనం గురించి చిన్నప్పుడు విని, వాళ్లు నాకు చుట్టాలే అనుకున్న.

ఆ హాస్టల్ల నేను గాక ముగ్గురు. ఒకామె పెద్ద వంటామె. ఆమె తప్పుపట్టని వస్తువు వంటింట్ల ఉప్పొక్కటే, అది కూడ చెమ్మగిల్లని నెలల్ల. రెండో మనిషి వాచ్‌మన్, ఐదు పూటలు నమాజు తప్పని పెద్దాయన. చూసింది చూసినట్టు చెప్తడు, చూడంది ప్రాణం పోయినా చెప్పడు. మూడో మనిషి వంటింట్ల సాయం చేసే ఆమె. బోళ్లు తోముడు, బియ్యం కడుగుడు, వడ్డించుడు ఆమె పని. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం; అంటే మేము వద్దన్ననాడు లేని ఉద్యోగం. ఇంట్ల కాళ్లు పడిపోయిన అత్త ఉండె. ఆమె నోట్ల ఎప్పుడు చూసినా ఒకటే మాట, "స్తోత్రం." పిల్లలు పేరు మరిచిపోయి స్తోత్రమ్మ అని పిలుస్తుండె.

ఒకనాడు పెద్ద వంటామె కేకేసింది. "మేడం, గ్యాసైపోయింది. నూటిరవై మందికి కట్టెల పొయ్యి మీద వండుడు నాతోని కాదు. ఇప్పుడే చెప్తున్న."

"కట్టెలు ఎండినయే ఉన్నయక్కా, స్తోత్రం," అన్నది ఈమె.

"నీ స్తోత్రం ఊదితే పొయ్యి మండుతదానే?"

"ఊదుడు నేను ఊదుత. నువ్వు పోపు సంగతి చూడు."

ఆ స్తోత్రం మాట మా ఇంట్ల కూడ ఉండె. కాని మేము అన్నం తిన్నంక వాడేది. ఈమె అన్నం మాడినంక కూడ వాడుతుంది. నాకు అప్పుడే అనుమానం తగిలింది. ప్రభుత్వ ఉద్యోగంల నేను నేర్చుకున్నదేమంటే, ఏదీ అడగని మనిషి ఎక్కడో తీసుకుంటున్నట్టే. ఫిర్యాదు చేసేటోళ్లు ఖాళీ చేతులతోని ఉన్నట్టు లెక్క. ఫిర్యాదే లేదంటే చేతిల ఏదో ఉన్నది.

ఒకరోజు బోళ్లు తోముతుంటే పక్కన నిలబడి, ఊరికె అడిగినట్టు అడిగిన. "నీకు ఏ దాని మీద కోపం రాదా?"

"ఎందుకు రాదు మేడం. నిన్న ఈ గంజు మాడు గీకుతుంటే మస్తు వచ్చింది."

"మరి ఒక్క మాట కూడ అనవు?"

"సణుగుడు ఒక చేతిల, అనుమానం ఇంకో చేతిల పట్టుకుంటే గంటె ఏ చేతిల పట్టుకోవాలె మేడం?" అన్నది. తర్వాత చేతులు ఆపి, "నా చిన్నప్పుడు పెద్దోళ్ల ఇంట్ల పనికి పోతే మాకు దూరం నుంచి వేస్తుండె, మేము కొంగు పట్టేది. ఇప్పుడు నేను వడ్డిస్తే అందరి పిల్లలు నా చేతి కింద ప్లేటు పెడ్తున్నరు. వంగి, దగ్గరికి పోయి వేస్త. నాకైతే గిది మస్తు పెద్ద పని."

మంచి మాట. మంచి మాటలు చెప్పేటోళ్ల మీద నాకు ఇంకో రకం అనుమానం ఉంటుండె. నా గదికి పోయి స్టోరు తాళం మార్చిన.

మారిస్తే ఏమైంది, ఆ నెలాఖరుకు బియ్యం ఒక బస్తా తక్కువొచ్చింది. పై నెల కూడ ఒక బస్తా. అప్పటికి హాస్టళ్లకు సన్నబియ్యం ఇస్తున్నరు. సన్నబియ్యం మాయమైతే ఎవరైనా నమ్ముతరు. దొడ్డు బియ్యమైతే ఎలుకల మీద పెట్టొచ్చు. నిజానికి దినాం బియ్యం తూకం వేసి ఇయ్యాలె. మా కాంటా చెడిపోయి ఏడాదైంది. దాని మీద నేను పై ఆఫీసుకు మూడు ఫిర్యాదులు రాసిన. కాంటాలు బాగుచేసేటాయన దుకాణం మా గేటుకు ఎదురుంగనే ఉండె, కాని ఆయనకు చెప్తే ఫిర్యాదు ఎట్లయితది? అందుకని డబ్బాతోని కొలిచి ఇస్తుంటిమి. పాత డబ్బా సొట్టలు పడి తుప్పుపట్టిందని, తాళం మార్చిన నెల మొదట్లనే నేను అంగట్ల కొత్త స్టీలు డబ్బా కొనుక్కొచ్చి వంటింటిని బాగుచేసిన అనుకున్న.

బియ్యం తక్కువొచ్చిందని నేను ముఖం మాడ్చుకొని కూసుంటే ఈమె చాయ తెచ్చి, "ఈ నడుమ పిల్లలు కడుపునిండ తింటున్నరు మేడం. మారు అడిగినా సరిపోతున్నది. స్తోత్రం," అన్నది.

ఇక్కడ బస్తా పోయి నేనేడుస్తుంటే ఈమె స్తోత్రమంటది. నా చూపు ఆమె మీద పడ్డది.

వాచ్‌మన్‌ను పిలిచి అడిగిన. ఆయన బాగ ఆలోచించి, "ప్రతి ఆదివారం పొద్దున టిఫిన్ అయినంక ఒక గుడ్డసంచి పట్టుకొని పోతది మేడం. పోంగ చూసిన. రాంగ చూడలె," అన్నడు.

ఆ ఆదివారం నేనే గేటు కాడ నిలబడ్డ. తెల్లచీర కట్టుకొని, చేతిల సంచితోని వచ్చింది.

"సంచిల ఏముంది?"

"బియ్యం మేడం."

నేను దీనికి తయారుగ లేను. దొంగలు ఇంత తొందరగ ఒప్పుకోరు.

"ఎవరి బియ్యం?"

"దేవునియి మేడం. పిడికెడు బియ్యం."

తెలియనోళ్లకు చెప్పాలె. మా సంఘాలల్ల ఆడోళ్లకు ఒక అలవాటుంది. పూటపూటకు ఎసట్ల పోసే ముందు ఇంటి బియ్యంల నుంచి ఒక పిడికెడు తీసి పక్కకు పెడ్తరు. వారంల కూడినయి ఆదివారం గుడికి తీసుకపోతే, అక్కడ లేనోళ్లకు పంచుతరు. మా అమ్మ కూడ తీసేది. కాబట్టి ఆ మాట నాకు తెలువక కాదు తప్పు చేసింది, బాగ తెలిసి చేసిన. దేవుని పిడికెడు సంగతి నిజమే, గింజలెవరివి అనేదే నా ప్రశ్న.

"ఇంటి బియ్యమైతే హాస్టలుకు ఎందుకొచ్చినయి?"

"పొద్దున్నే వెంట తెచ్చుకుంట. టిఫిన్ అయినంక ఇంటికి పోతే ప్రార్థన అందదు. సీదా గుడికే పోతా గద మేడం."

వాచ్‌మన్ దిక్కు చూసిన. ఆయన తల అడ్డంగ ఊపిండు. "రాంగ చూడలె మేడం. అబద్ధం చెప్పరాదు."

సంచి తీసుకున్న. మూతి దారంతోని కట్టి, పరీక్షల నాటి లక్క ముక్క నా కాడ ఉంటే కరిగించి సీలు వేసిన. సీలు వేసుడు నాకు బాగ వస్తది.

"మేడం, గుడి టైమైతాంది. అది ఇయ్యండి."

"ఇది సాక్ష్యం."

"సాక్ష్యం గుడిలనే చెప్తం గద మేడం," అన్నది.

జోకు వేస్తుందనుకున్న. ఆమె ముఖం చూస్తే అట్ల లేదు. అప్పుడు ఆమెకు సంగతి అర్థమైంది. "మేడం, పని పోతే కూలికి పోతా. పేరు పోతే యాడికి పోవాలె?" అన్నది. ఖాళీ చేతులతోని గుడికి పోయింది. ఆ రోజు ఆమె నోట్ల నుంచి స్తోత్రం రాలె. చూసినవా, దొంగ దొరికింది అనుకున్న.

నేను రాసిన అన్ని ఫిర్యాదులల్ల అదే బాగ వచ్చింది. ఒక్క కొట్టివేత లేదు. కాంటా గురించి ఏడాది పలకని పై ఆఫీసు దీనికి మూడో రోజే జవాబు పంపింది: విచారణ అయ్యేదాక ఆమెను పనిలకు రానియ్యొద్దు.

ఆమె లేని రోజుల్ల వడ్డించుడు నా మీద పడ్డది. పెద్ద వంటామె ముందే చెప్పేసింది, "నేను వండుత, వడ్డియ్య. మీరే తీసేసిన్రు, మీరే పట్టుండి గంటె." వడ్డించుడంటే ఏముందనుకున్న. పిల్లలు నేల మీద బంతికి కూసుంటరు. ఒక్కొక్క ప్లేటుకు వంగాలె. నూటిరవై సార్లు. ముప్పై ఏండ్ల ఉద్యోగంల నేను అంత వంగింది బదిలీల సీజన్‌ల కూడ లేదు. పప్పు పైపైన తీసి వేస్తే ముందు కూసున్నోళ్లకు నీళ్లు, చివరోళ్లకు ముద్ద.

"మేడం, స్తోత్రమ్మ అయితే గంటె అడుగుదాక ముంచి తిప్పి వేస్తుండె," అన్నరు ముందు బంతి పిల్లలు.

"స్తోత్రమ్మ ఏం చేస్తుండెనో నాకు తెలుసు," అన్న. తెలువదు. రెండో రోజు నుంచి అడుగుదాక ముంచిన. నడుము పట్టుకపోయింది. దాని మీద ఎవరికి ఫిర్యాదు రాయాలెనో తెలువలె.

ఇంకొక సంగతి. స్టోరు తాళం నా కొంగుకు ఉంది, బియ్యం నేనే కొలుస్తున్న, ఆమె గేటు లోపలికే వస్తలేదు. అయినా బస్తాలు అంతే తొందరగ దిగుతున్నయి. పెద్ద వంటామెను అనుమానించిన. వాచ్‌మన్‌ను అనుమానించిన, అది ఎక్కువ సేపు నిలువలె. ఎలుకలను కూడ చూసిన; అవి బక్కగ ఉన్నయి. విచారణ రేపనంగ సాయంత్రం దాకా వచ్చేసరికి అనుమానించడానికి మనుషులు అయిపోయిన్రు. నేనొక్కదాన్నే మిగిలిన.

అప్పుడు బాత్రూముల కాడ బ్లీచింగ్ పౌడర్‌కు వాడుతున్న పాత డబ్బా కంటబడ్డది. కడిగి, దాని నిండ నీళ్లు పట్టి కొత్త డబ్బాల పోసిన. కొత్తది నిండలె. పైన రెండు వేళ్లంత వెలితి. పాతదాని సొట్టలు లోపలికి ఉండె. ఇన్నాళ్లు ఆ సొట్టలంత అన్నం పిల్లలకు తక్కువ పడ్డది. పుస్తకంల డబ్బా లెక్క పాతదే ఉంటే, కొత్త డబ్బా వచ్చినప్పటి నుంచి రోజూ డబ్బాకు పిడికెడు, రెండు పిడికెళ్లు ఎక్కువ పడుతున్నయి. బస్తా ఎక్కడికీ పోలె. పిల్లల కడుపులకే పోయింది. ఆ సంగతి నాకు చాయతోని సహా ఒకామె వచ్చి చెప్పింది కూడ. ఆమె లెక్క చెప్తుందనుకోలె, స్తోత్రం చెప్తుందనుకున్న.

ఇప్పుడు మీరు నేను పరుగెత్తిపోయి ఆమె ఇంటి తలుపు కొట్టిన అనుకుంటున్నరు. లేదు. నేను ఒక నిర్ణయం తీసుకున్న: చెప్పొద్దని. విచారణల రుజువు కాకపోతే ఆమె ఎట్లాగో బయటపడ్తది, నేను కూడ బయటపడ్త, డబ్బా సంగతి డబ్బాకు తెలిస్తే చాలు. ప్రార్థన చేద్దామని కండ్లు మూసుకున్న. నోటికొచ్చినయన్నీ ఫిర్యాదులే. కాంటా మీద ఒకటి, బదిలీ మీద ఒకటి, ఇట్లాంటి డబ్బాలు అమ్మే అంగడి మీద ఒకటి. కండ్లు తెరిచిన.

మరునాడు విచారణకు జిల్లా ఆఫీసు నుంచి ఒక సార్ వచ్చి మా భోజనాల హాల్ల కుర్చీ వేయించుకున్నడు. ఆమెను పిలిపించిన్రు. మూలకు నిలబడ్డది. సార్ మొదలు వాచ్‌మన్‌ను అడిగిండు.

"ఈమె డ్యూటీ పొద్దున ఎన్నిటికి?"

"ఐదింటికి సార్."

"ఐదింటికి నువ్వెక్కడుంటవు?"

"మసీదుల సార్."

"మరి వచ్చేటప్పుడు ఎట్ల చూస్తవు?"

"చూడలె అనే చెప్పిన సార్," అన్నడు వాచ్‌మన్. ఆయన మాటల తప్పేం లేదు. నేను అడగాల్సిన రెండో ప్రశ్న అడగలె.

సార్ నా సీలు పగులగొట్టి సంచి మూతి విప్పిండు. పెద్ద వంటామె తొంగి చూసింది, చెయ్యి పెట్టి గింజలు తీసి అరచేతిల పరిచింది.

"ఇవి మన బియ్యం గావు సార్."

"బియ్యం మీద పేరు రాసి ఉంటదా అమ్మా?"

"పేరెందుకు సార్, పొట్ట చూడుండి. దొడ్డు బియ్యం. రేషనుయి. మాకొచ్చేటియి సన్నయి. మేడం, గింత లావు గింజ మీకు కనబడలేదా?"

నేను చూడలె. సాక్ష్యం చెడిపోతదని విప్పనే లేదు. ఇప్పుడు రేషన్ల కూడ సన్నబియ్యం ఇస్తున్నరు. అదే సంచి ఇప్పుడు దొరికితే కేసు నేనే గెలుస్తుంటి, ఒక నిజాయితీ గల మనిషి జీవితమంత దొంగగ ఉంటుండె. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం తొందరగ దిగది.

సార్ గింజలు సంచిల పోసి, "సరే. మరి రెండు బస్తాలు ఎటు పోయినట్టు?" అని పెద్ద వంటామె దిక్కు తిరిగిండు. "నువ్వు ఎన్నేండ్ల నుంచి చేస్తున్నవిక్కడ?"

గ్యాసు మీద, కట్టెల మీద, నా మీద ఎన్నడూ ఆగని ఆ నోరు ఆగిపోయింది. మూల నుంచి స్తోత్రమ్మ ఒక అడుగు ముందుకేసి, "అక్క అట్లాంటిది గాదు సార్," అన్నది. తన పేరే ఇంకా తేలలె, అక్క పేరు కాపాడుతుంది.

నాకు ధైర్యం వచ్చిందని రాసుకుంటే బాగుంటది గాని, వచ్చింది సిగ్గు.

"సార్, బియ్యం నేనే," అన్న.

సార్ కుర్చీల సర్దుకొని కూసున్నడు. "మీరే... అమ్ముకున్నరా?"

"కొలిచిన సార్." రెండు డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టి, ఒకదాంట్ల నుంచి ఒకదాంట్లకు నీళ్లు పోసి చూపించిన. నిన్ననే తెలిసిందని కూడ చెప్పిన, పొద్దటి నుంచి చెప్పలేదని కూడ. ఒప్పుకునేటప్పుడు సగం ఒప్పుకుంటే మిగిలిన సగానికి మళ్లొక విచారణ పడ్తది.

"అంటే పిల్లలు తిన్నరా?"

"తిన్నరు సార్."

"హాస్టల్ బియ్యం హాస్టల్ పిల్లలు తిన్నరని విచారించడానికి నన్ను ఇంత దూరం రప్పించిన్రా?"

ఆయన నాకు మెమో ఇచ్చిండు, నేను సంతకం పెట్టి తీసుకున్న. ఫిర్యాదు వాపసు తీసుకుంటానంటే, ఫిర్యాదుకు పద్ధతి ఉన్నది, వాపసుకు లేదన్నడు. ఆమెను ఆ పూట నుంచే పనిలకు తీసుకొమ్మని రాసి, సంచి ఆమె చేతికిచ్చి జీపెక్కిండు.

అప్పటికి పిల్లలు బడి నుంచి వచ్చి బంతికి కూసున్నరు. స్తోత్రమ్మ సంచి మేకుకు తగిలించి, కొంగు నడుముకు చెక్కి, నా చేతిల నుంచి గంటె తీసుకున్నది. నేను అన్నం తట్ట పట్టుకొని ఆమె వెంట నడిచిన. ఆమె పప్పు, నేను అన్నం. మొదటి బంతి అయ్యేదాక ఓపిక పట్టిన. నాకు మళ్లొక అనుమానం: ఇప్పుడు ఈమె నన్ను క్షమిస్తది, అది జీవితాంతం మోయాలె.

"నిన్ను దొంగ అన్న. తప్పైంది. నన్ను క్షమించు," అన్న. ప్లేట్ల మీద వంగి అన్న కనుక పిల్లలకు కూడ వినబడ్డది.

ఆమె నడుము పైకెత్తి నా దిక్కు చూసింది. "మేడం, నేను కూడ ఒక మాట ఒప్పుకోవాలె. కోపం జేయొద్దు."

"చెప్పు."

"బియ్యం తక్కువైతుందని మీరు దినాం అంత సణుగుతుంటే... మేడమే అమ్ముకుంటున్నరేమో అనుకున్న."

గంజు కాడ పెద్ద వంటామెకు పొలమారింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండు నెలల నుంచి మేడం. ఎవ్వరికి చెప్పలె. దినాం మోకాళ్ల మీద ప్రార్థన చేసిన. ప్రభువా, మా మేడం మంచిదే, చెయ్యి జర దుడుకుది, పట్టుబడక ముందే మార్చు అని."

అనుమానం ఇద్దరికీ వచ్చింది. ఇద్దరం పై ఆఫీసుకే చెప్పుకున్నం. నేను ఆమె మీద చర్య తీసుకొమ్మని రాసిన. ఆమె నన్ను కాపాడమని అడిగింది. ఎవరి అర్జీ ముందు కదిలిందో ఆ హాల్ల నిలబడి చూస్తనే ఉన్న.

"మరి ఇప్పుడు నిజం తెలిసింది గద. ఆ ప్రార్థన ఆపుతవా?" అని అడిగిన.

ఆమె గంటె అడుగుదాక ముంచి, తిప్పి, రెండో బంతిల మొదటి ప్లేటుకు వంగింది.

"గీ నెల పోనియ్యండి మేడం," అన్నది. "జర చూసి చెప్త."